పండుగ చీర



క్రిస్మసు దగ్గరకు వచ్చుచున్నదనగా మన గోదావరి సీమలో ప్రతి క్రైస్తవ గృహమందును ఒక మాట వినబడును: “ఈ యేడు బట్టలు ఎక్కడ తీద్దాం?” కొందరు రాజమండ్రి తాడితోటకు బస్సెక్కుదురు, కొందరు దగ్గరి పట్టణమునకు పోవుదురు, మరికొందరు ఊరిలోనికి వచ్చు మూటవాని కొరకు కనిపెట్టుకొని యుందురు. చీర కొనుట లోకసంబంధమైన సంగతి, దానికిని భక్తికిని ఏమి పొత్తు అని మీరడుగవచ్చును. నేనును అట్లే తలంచిన దినములు గలవు. అట్లు తలంచి నేను చేసిన ఒక తప్పు మీతో చెప్పుకొనుటకే ఈ వ్రాత.

కొన్ని సంవత్సరముల క్రిందట క్రిస్మసుకు ముందటి ఆదివారమున నేను పేతురు మొదటి పత్రిక మూడవ అధ్యాయము తీసికొని స్త్రీల అలంకారమును గూర్చి ప్రసంగించితిని. బంగారమును, వెలగల వస్త్రములను, తళుకుబెళుకులను గట్టిగా ఖండించితిని. ప్రసంగము బాగుగా నున్నదని పెద్దలు చెప్పగా సంతోషించితిని. ఆనాడు స్త్రీల వరుసలో వెనుకగా కూర్చున్న ఒక సహోదరి మెరుపుల అంచుగల చీర కట్టుకొని యుండెను. నా కన్ను రెండు మూడు సారులు ఆమె వైపు పోయిన మాట నిజము. ఆమె క్రిస్మసు ఆరాధనకు రాలేదు. క్రొత్త సంవత్సరపు కూడికకును రాలేదు. వరుసగా మూడు వారములు ఆమె స్థలము ఖాళీగా నుండెను.

అవి దాళ్వా నాట్ల దినములు. ఒక సాయంకాలము నేను వారి వీధికి పోవునప్పటికి ఆమె చేలో నుండి మోకాళ్లదాక బురదతో తిరిగి వచ్చుచుండెను. మందిరమునకు ఎందుకు రావడం లేదమ్మా అని అడిగితిని. ఆమె తల వంచుకొని చెప్పినది:

“నాకున్నవి మూడు చీరలండి, అయ్యగారూ. రెండు చేలోకి కట్టేవి. ఒకటి మా అమ్మాయి కువైట్ నుంచి పంపింది. తళుకు చీరలు దేవుడికి ఇష్టం లేదన్నారు కదండి. మిగతా రెంటికీ బురద మరకలు వదల్లేదు. ఏది కట్టుకుని రమ్మంటారండి?”

ప్రియులారా, వేదాంత పాఠశాలలో నేను వ్రాసిన పరీక్షలలో ఏ ప్రశ్నయు నన్నంతగా నిలువబెట్టలేదు. పేతురు వ్రాసిన మాట నేను చదివితినే గాని, ఎదుట కూర్చున్న ఆమెను చదువలేదు. మురికి బట్టలవానిని సంఘములో చిన్నచూపు చూడవద్దని యాకోబు హెచ్చరించెను గదా. నేనో, ఆమె మంచి చీర కట్టుకొనిన తప్పనియు, మాసిన చీరతో వచ్చిన సిగ్గనియు, రెండు ద్వారములును మూసివేసితిని. వేరే దేశమున ఇంటిపని చేయుచున్న కుమార్తె తల్లికి పంపిన ప్రేమను నేను డాంబికమని పిలిచితిని. అక్కడనే ఆమెను క్షమాపణ వేడితిని. మరుసటి ఆదివారము ఆమె ఆ చీరతోనే వచ్చెను.

పిమ్మట నేను లేఖనములను మరల చూచితిని. ఆదికాండములో మన ఆదితలిదండ్రులు కుట్టుకొనినవి ఆకులు. అవి సాయంకాలమునకే వాడిపోవు వస్త్రములు. దేవుడు వారికి తొడిగించినవి చర్మపు చొక్కాయిలు. అవి ముండ్లలో పనిచేయువారికి తగినవి. నిర్గమకాండము ఇరువది యెనిమిదవ అధ్యాయములో ఆయన అహరోను వస్త్రములను గూర్చి సెలవిచ్చినప్పుడు ఘనతయు సౌందర్యమును రెండును కోరెను. నీల ధూమ్ర రక్తవర్ణముల నూలు, అంచున దానిమ్మపండ్లు, బంగారు గంటలు చెప్పెను. అదే అధ్యాయములో మెడ రంధ్రము చుట్టు అది చినుగకుండునట్లు నేతపని గోటు వేయుమనియు చెప్పెను. చూచితిరా? అందమును ఏర్పరచిన దేవుడు చినుగును గూర్చియు తలంచెను. ఈ రెంటిని విడదీసినది నేనే.

మరుసటి సంవత్సరము నా భార్య ఆ సహోదరిని, మరి యిద్దరు స్త్రీలను వెంటబెట్టుకొని తాడితోటకు పోయెను. సంచి మోయుటకు నేనును పోతిని. ఆ దినమున నేను నేర్చుకొనినది మీకును చెప్పెదను.

నా భార్య చీరను దీపపు వెలుగున చూడక గుమ్మము దగ్గరకు తెచ్చి పగటి వెలుతురున చూచెను. నేత ఒత్తుగా నున్నదో పలుచగా నున్నదో వెలుగుకు ఎత్తి చూచెను. తడిగుడ్డ కొనతో అంచును రుద్ది రంగు దిగునేమో పరీక్షించెను. మడతలు విప్పించి పొడవు సరిపోవునో లేదో, లోపల చినుగు గలదో లేదో చూచెను. కట్టువారి పని ఏమి, ఉదుకువారెవరు అని ఆమె మొదట అడుగును. వెల అడుగుట తరువాత.

పాలిస్టరు చీర త్వరగా ఆరును, గంజి కోరదు, వెల తక్కువ. వానకాలమున అది మేలు. అయితే మే నెల ఎండలో చెమటను పీల్చదు; పొయ్యి దగ్గర నిప్పు తగిలినచో కరగి ఒంటికి అంటుకొనును. వంట చేయు తల్లికి నూలు చీరయే క్షేమము. నూలు చీర మొదటి ఉదుకులో కొంత కుదించుకొనును, గంజియు ఇస్త్రీయు కోరును. కాని ఒంటికి చల్లన, ముసలిదైన తరువాత పసిబిడ్డకు పొత్తిగుడ్డ యగును. సంస్కారమునకు మనవారు కట్టు తెల్ల చీర మరక చూపును, నిజమే. అయినను అది పెండ్లికిని సమాధి కూడికకును పనికివచ్చును, దాని వాడుక ఏ యేటికిని పాతబడదు.

మన సీమ నేతను గూర్చియు ఒక మాట. కాకినాడ దగ్గర సముద్రపుటొడ్డున గల ఉప్పాడ జాందానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించెను. మగ్గము మీద చేతితోనే పువ్వును పోగుపోగుగా పొదుగుదురు గనుక దానికి దినములు, వారములు పట్టును. అది అందరికిని అందు వెల కాదు. అమలాపురము దగ్గర బండారులంకలోను నేతగాండ్రు కలరు. నరసాపురము ప్రాంతపు లేసు అల్లికను 19వ శతాబ్దములో మిషనరీలే మన స్త్రీలకు నేర్పిరి. ఆ లేసు పరదేశములకు పోవుచుండగా, అల్లు స్త్రీల పనిని తీరిక వేళ కాలక్షేపముగా లెక్కించి అతి తక్కువ కూలి యిచ్చుచుండిరని 1982లో మరియా మీస్ అను జర్మను పండితురాలు ఒక గ్రంథమే వ్రాసెను. కాబట్టి చేతిపని కొనునప్పుడు వెల బేరమాడండి గాని, అల్లిన కన్నుల వెలుగును బేరమాడవద్దు.

అన్నిటికంటె ముఖ్యమైనది: అప్పు చేసి పండుగ చీర కొనవద్దు. మూటవాడు వాయిదాలకు ఇచ్చిన చీర చినిగిపోవును, వాయిదా మాత్రము చినుగదు.

ఇక ఆ సహోదరి సంగతి. నా భార్య ఆమెకు ముదురు గోధుమరంగు చీర చూపి, “ఇదైతే మరకలు కనబడవు” అనెను. ఆమె నవ్వి, “చేలో ఎలాగూ అందరం బురద రంగేనండి అమ్మగారూ. ఆదివారమన్నా ఓ రంగు ఉండనివ్వండి” అని, చిలకపచ్చ నూలు చీర, ఎఱ్ఱ అంచుది, ఏరుకొనెను. నేత గట్టిది, రంగు దిగనిది, వెల ఆమె చేతిలోని రూకలకు లోబడినది. నా భార్య మూడుమారులు పరీక్షించియు తప్పు పట్టలేకపోయెను. రెండు సంవత్సరములు ఆదివారమున కట్టి, పిమ్మట దానిని చేలోనికి కట్టెను. సామెతల గ్రంథపు గుణవతి యింటివారికి చలికి తగిన బట్టయు, తనకు అందమైన బట్టయు సిద్ధపరచుకొనినది. ఇది అదే జ్ఞానము కాదా?

భర్తలారా, చీరకు రూకలిచ్చి, ఏరుకొను పని ఆమెకే విడువుడి. నాతోటి సేవకులారా, వస్త్రమును గూర్చి ప్రసంగింపక ముందు ఆ వస్త్రము ఎవరు పంపిరో, పెట్టెలో ఇంకెన్ని యున్నవో తెలిసికొనుడి. సహోదరీలారా, మీ పెట్టెలో ఒకటి ఎక్కువ యున్నయెడల, ఆదివారము రాలేక ఇంట నిలిచిపోయిన ఒకతెను తలంచుకొనుడి. తబిత చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు పేతురునకు చూపినవి ఆమె తనకు కొనుక్కొనిన చీరలు కావు. తమకు ఆమె కుట్టి యిచ్చిన బట్టలే.

ప్రభువు మీ పండుగను దీవించును గాక. ఆమేన్.