డ్రోన్ కాదు, ముందు రిమోట్



సికింద్రాబాద్ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీకొచ్చింది నేనే మొదలు. రిమోట్ ధర చూడగానే, అమ్మకి ఎన్ని రోజుల మిరప కూలో లెక్కేసుకున్నా. అందుకే తొందరపడకుండా వెతికా.

డ్రోన్ పడితే విరుగుద్ది, రిమోట్ ఏళ్లపాటు ఉంటది. ముందు అదే కొనాలి. కోయ ఒక్కటే వచ్చిన మా అవ్వకి, తెలుగు ఒక్కటే వచ్చిన డాక్టరుకి కుదరనట్టే, ప్రోటోకాల్ వేరైతే రిమోట్ మాట డ్రోన్‌లోని రిసీవర్‌కి అందదు. ఫ్లైస్కై ఐ6 మంచిదే, కానీ దాని ప్రోటోకాల్ వేరు. ఇప్పటి చిన్న డ్రోన్లలో చాలావాటికి ఈఎల్‌ఆర్‌ఎస్ ఉంటది. అందుకే రేడియోమాస్టర్ పాకెట్‌లో ఆ రకమే తీసుకున్నా. హాల్ సెన్సర్ స్టిక్కులు తొందరగా అరగవు. 18650 బ్యాటరీలు రెండు విడిగా కొనాలి.

యూఎస్‌బీతో కంప్యూటర్‌కి కలిపి సిమ్యులేటర్లో నేర్చుకోవచ్చు. బేగంపేట, హకీంపేట పక్కనే ఉన్న మాకు అదే దారి. 2021 రూల్స్ ప్రకారం 250 గ్రాముల లోపు డ్రోన్‌కి పైలట్ లైసెన్స్ అక్కర్లేదు. అయినా ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో జోన్ చూడండి.

రేపు మన పొలాల మీదికి డ్రోన్ వస్తే, రిమోట్ మనోళ్ల చేతిలోనే ఉండాలి.