వేరు పడకముందు వేరు పట్టాలి

మా ఇంటి వసారాలో కిటికీ ఊచలను అల్లుకొని ఒక మనీ ప్లాంటు తీగ ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటికి వచ్చే తల్లులు ముందు దాని దగ్గర ఆగుతారు. "ఒక ముక్క కోసి ఇవ్వండమ్మా" అని అడుగుతారు. మేము కోసి ఇవ్వము. "ఒక నెల ఆగండి, కుండీతో సహా ఇస్తాం" అంటాము. ఇది పిసినారితనం కాదు. ఎందుకో చెప్పాలంటే తీగ సంగతి, మా ఇంటి సంగతి రెండూ కలిపి చెప్పాలి. రెండవది మేము సిగ్గుపడవలసిన సంగతి. అయినా మాలాంటి తలిదండ్రులు ఒక్కరికైనా పనికి వస్తుందని, భార్యాభర్తలమిద్దరం ప్రార్థించుకొని ఇది వ్రాస్తున్నాము.

ఈ తీగను తెచ్చింది మా పెద్ద కోడలు. పెళ్ళయిన మొదటి సంవత్సరం పుట్టింటి నుండి వస్తూ హార్లిక్సు సీసాలో నీళ్ళు పోసి, అందులో రెండు ఆకుల ముక్క పెట్టుకొని బస్సులో ఒడిలో పట్టుకొని వచ్చింది. తమలపాకులాంటి ఆకు, దాని మీద పసుపు చారలు. ఈ తీగ పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలో తాహితి పక్కనున్న మొరేయా అనే చిన్న ద్వీపం. అంత దూరాన పుట్టిన తీగ మన వసారాల్లో ఇక్కడే పుట్టినట్టు పెరుగుతుంది. కోడలు కూడా అలాగే వచ్చింది గదా అని అప్పుడు మాకు తోచలేదు.

మనీ ప్లాంటు ఇంట్లో ఉంటే డబ్బు వస్తుందని కొందరు అంటారు. దొంగిలించి తెస్తేనే పెరుగుతుందని మరికొందరు అంటారు. విశ్వాసుల ఇళ్ళలో కూడా ఈ మాట విన్నాము. నమ్మవద్దు. దొంగిలించిన తీగకైనా అడిగి తెచ్చుకున్న తీగకైనా కావలసినవి ఒకటే: కణుపు, తడి, వెలుతురు. మా కోడలు ఆనాడే నవ్వుతూ, "డబ్బు కోసం కాదత్తయ్యా, కంటికి పచ్చగా ఉంటుందని తెచ్చాను" అన్నది.

ఇక మా సంగతి. పెద్దవాడు రైసు మిల్లులో లెక్కలు వ్రాసేవాడు. పెళ్ళికి ముందు జీతం తెచ్చి తండ్రి చేతిలో పెట్టేవాడు. పెళ్ళయ్యాక కొంత తన దగ్గర ఉంచుకోవడం మొదలుపెట్టాడు. అక్కడ మొదలైంది. పాల ఖర్చు దగ్గర ఒక మాట, పొయ్యి దగ్గర ఒక మాట. ప్రతి మాటా చిన్నదే గాని ఏదీ మరచిపోలేదు. ఒకనాటి సాయంత్రం, అదీ శ్రమకాల దినాల్లో, మేమిద్దరం గుడిలో ప్రార్థన ముగించుకొని వచ్చిన సాయంత్రమే, మాట పెరిగింది. "రేపు తెల్లవారేసరికి వేరు పొండి" అనేశాము. ఆ మాట ఒకరి నోట వచ్చినా రెండవవారు ఆపలేదు గనుక ఇద్దరిదీ అనే వ్రాస్తున్నాము. మరుసటి ఉదయం రెండు గిన్నెలు, ఒక చాప, అర బస్తా బియ్యం ఇచ్చి పంపేశాము. కోడలికి అప్పుడు అయిదో నెల. తీగ మాత్రం వసారాలోనే ఉండిపోయింది.

వాళ్ళు పట్నంలో ఒక గది అద్దెకు తీసుకున్నారు. అద్దెకు ముందు సొమ్ము కట్టడానికి, మంచం, పొయ్యి కొనడానికి అయిదు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారని తెలిసింది. ఈస్టరుకు గుడికి రాలేదు. మేము కబురు పెట్టలేదు. "బుద్ధి వస్తే వాళ్ళే వస్తారు" అనుకున్నాము.

ఆ మే నెలలో మా అమ్మాయి వచ్చి, తనకూ ఒక తీగ కావాలన్నది. చేతి పొడవు ముక్క కోసి, పెరటి మట్టి కుండీలో గుచ్చి ఇచ్చాము. నాలుగు రోజులకు ఆకులు వ్రేలాడాయి. పది రోజులకు ఎండిపోయింది. మళ్ళీ కోశాము, మళ్ళీ అంతే. అసలు తీగ కూడా కిటికీ సగానికి వచ్చింది.

తొలకరి పడ్డాక మా సంఘ పెద్ద ఒకాయన మా ఇంటికి వచ్చారు. వయసులో ఉన్నప్పుడు కడియం నర్సరీలలో అంట్లు కట్టిన మనిషి. ఎండిన కుండీని చూసి, "కోసిన ముక్కకు వేరుందా చెల్లెమ్మా?" అని అడిగారు.

"లేదన్నయ్యా."

"మరి దానికి నీళ్ళు ఎవరిస్తారు? పైన ఆకు ఎండకు ఆవిరి వదులుతూనే ఉంటుంది. కింద త్రాగడానికి నోరు లేదు. మే నెల వడగాలికి ఎన్నాళ్ళు ఆగుతుంది? కోయకండి. కోయకుండానే పిల్లను చెయ్యవచ్చు. మన ఆడవాళ్ళు మల్లెకు అంటు తొక్కరూ? ఇదీ అంతే."

ఆయన చేసి చూపించినది మీకూ చెబుతాము. ఖర్చు లేదు.

తీగను దగ్గరగా చూస్తే ఆకు పుట్టిన ప్రతిచోటా ఒక కణుపు ఉంటుంది. కణుపు దగ్గర గోధుమరంగులో చిన్న బొడిపె కనబడుతుంది. అది వేరు మొలక. గాలిలో ఉన్నంతకాలం అది పొట్టిగానే ఉంటుంది. తడి మట్టి తగిలితే సాగుతుంది. కణుపుకూ కణుపుకూ మధ్యనున్న నున్నని కాడను మాత్రమే మట్టిలో పెడితే వేరు రాదు. కాబట్టి మట్టికి తగలవలసినది కణుపు.

ఒక చిన్న కుండీ గాని, అడుగున చిల్లులు పెట్టిన డబ్బా గాని తీసుకోండి. రెండు పాళ్ళు మట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. పచ్చి ఎరువు వేయవద్దు, వేరు మాడిపోతుంది. ఆ డబ్బాను తల్లి కుండీ పక్కనే పెట్టి, వ్రేలాడే తీగను కోయకుండా దాని మీద పడుకోబెట్టండి. రెండు కణుపులు మట్టిని తాకాలి, ఆకులు పైకి ఉండాలి. పచ్చి కొబ్బరి ఈనెను సగానికి వంచి, తీగకు రెండు ప్రక్కలా కాళ్ళు దిగేలా గుచ్చితే తీగ కదలదు. కణుపు మీద పలుచగా మట్టి జల్లండి. మట్టి ఆరకుండా నీళ్ళు చిలకరించండి గాని బురద చేయవద్దు. తల్లి కుండీకి కూడా మామూలుగా నీళ్ళు పోయాలి. ఎండ నేరుగా పడకూడదు, వెలుతురు ఉండాలి.

తీగ పొడవుగా ఉంటే రెండు మూడు డబ్బాలు వరుసగా పెట్టి, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క కణుపును దించుకుంటూ పోవచ్చు. ఒకే తీగకు ఒకేసారి మూడు పిల్లలు అవుతాయి.

వానాకాలంలో మూడు నాలుగు వారాల్లో వేరు పడుతుంది. చలికాలంలో ఇంకా ఆలస్యం. వేరు పట్టిందో లేదో తెలియాలంటే ఈనె తీసి, తీగను వ్రేలితో మెల్లగా పైకి లాగండి. లేచి వచ్చేస్తే ఇంకా కాలేదు, మళ్ళీ పడుకోబెట్టండి. మట్టిని పట్టుకొని ఉంటే, కొత్త ఆకు కూడా వస్తూ ఉంటే, అప్పుడు తల్లికీ పిల్లకూ మధ్య శుభ్రమైన కత్తెరతో కోయండి. అన్నాళ్ళూ పిల్లకు నీరూ ఆహారమూ తల్లి తీగ నుండే అందుతాయి. అందుకే వాడదు.

కోసిన ముక్కను నీళ్ళ సీసాలో పెట్టినా, కణుపు మునిగితే వేరు వస్తుంది. మా కోడలు తెచ్చింది అలాగే. కాని నీళ్ళు వారానికి ఒకసారైనా మార్చి సీసా కడగాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. నీటిలో పెరిగిన వేరు మట్టికి అలవాటు పడడానికి కూడా కొంత సమయం పడుతుంది. ఇంకొక జాగ్రత్త: మనీ ప్లాంటు ఆకు నమిలితే నోరు మండి వాస్తుంది. పసిపిల్లలకూ, మేకలకూ, పెంపుడు జంతువులకూ అందకుండా ఎత్తులో ఉంచండి.

నాలుగు వారాలకు ఆ పెద్దాయన మళ్ళీ వచ్చి, తీగను వ్రేలితో లాగి చూసి, "ఇక కోయండి" అన్నారు. కోశాము. మరునాడు చూశాము, ఒక్క ఆకు కూడా వాడలేదు.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో వంతు ప్రకారం యోహాను సువార్త 15వ అధ్యాయం వచ్చింది. ద్రాక్షావల్లి, తీగెలు. ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. ఆ వాక్యం క్రీస్తును గూర్చినది, తలిదండ్రులను గూర్చినది కాదని మాకు తెలుసు. అయినా చదువుతున్న గొంతు ఆగిపోయింది. ఒక మొక్క విషయంలో నాలుగు వారాలు ఓర్చుకున్నాము. కన్న కొడుకుకు ఒక్క రాత్రి గడువు ఇచ్చాము. మన భాషలో వేరు పడడమన్నా, వేరు పట్టడమన్నా ఒకటే మాట. మేము వేరు పట్టనివ్వకుండానే వేరు చేశాము. ఇద్దరం ఆ రాత్రి ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాము.

అప్పటికి కోడలు కాన్పుకు పుట్టింటికి వెళ్ళి ఉంది. మగబిడ్డ పుట్టాడని కబురు అంది కూడా మేము వెళ్ళలేదు. బిడ్డకు మూడు వారాలు నిండుతున్నాయి. మరుసటి ఉదయం మొదటి బస్సుకు, ఆ చిన్న కుండీని సంచిలో పెట్టుకొని బయలుదేరాము. దారి పొడుగునా ఏమి చెప్పాలో అనుకున్నాము గాని, గుమ్మంలోకి వెళ్ళేసరికి ఏదీ నోట రాలేదు. "తప్పు మాదమ్మా" అని మాత్రం అన్నాము. కోడలు మాట్లాడలేదు. సంచిలోంచి ఆకు బయటికి కనబడితే చూసి, "ఇది నా తీగే కదా మావయ్యా?" అన్నది. "నీదే. వేరు పట్టాక తెచ్చాము" అన్నాము. అప్పుడు ఏడ్చింది. బిడ్డను తెచ్చి మా ఒడిలో పెట్టింది. మా అబ్బాయి ఆ రోజు మాతో రెండు మాటలే మాట్లాడాడు. వాడు మునుపటిలా మాట్లాడడానికి సంవత్సరం పట్టింది. క్షమించడానికి కూడా వేరు పట్టే కాలం ఉంటుందని అప్పుడు నేర్చుకున్నాము.

వాళ్ళు తిరిగి మా ఇంటికి కాపురానికి రాలేదు. రమ్మని బలవంతం చేయలేదు. ఒక పెయ్యదూడను అమ్మి అప్పులో కొంత తీర్చాము. సంవత్సరం పాటు నెలనెలా బియ్యం, పప్పు పంపాము. బిడ్డకు జ్వరం వస్తే అత్తగారు వెళ్ళి నెల రోజులు ఉండి వచ్చింది. మిగిలిన అప్పు వాళ్ళే తీర్చుకున్నారు. మొత్తం తీరడానికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళు మా ఒక్కనాటి కోపానికి వెల.

చిన్నవాడి దగ్గరకు వచ్చేసరికి మేము మారాము. పెళ్ళయిన ఆరు నెలలకు మేమే పెరటి వైపు గదిలో పొయ్యి పెట్టించాము. వాళ్ళ జీతం, వాళ్ళ లెక్క, వాళ్ళ వంట. తక్కువైతే అడగడానికి మేము పక్కనే ఉన్నాము. ఏడాదిన్నరకు వాళ్ళు వేరే ఊరికి కాపురం వెళ్ళారు. ఇంట్లో ఒక్క గిన్నె కూడా చప్పుడు కాలేదు.

ఇంకొక మాట చెప్పకపోతే ఇది సగమే అవుతుంది. వేరు పట్టాక కోయాలి. ఆ పెద్దాయన మాతో, "వేరు పట్టినా కోయకపోతే ఆ కుండీని గుమ్మం దాటించలేరు" అన్నారు. చిన్నవాడు వెళ్ళాక, ఈ రోజు ఏ కూర వండారు, ఎంత ఖర్చు పెట్టారు అని రోజూ ఫోనులో అడగబోయి మానుకున్నాము. మనుష్యుడు తలిదండ్రులను విడిచి భార్యతో ఏకం కావాలని ఆదికాండము 2వ అధ్యాయం చెబుతున్నది. ఆ విడిచిపెట్టడం దేవుని ఏర్పాటు. కాని అది కోపంతో కోసిన కోత కాకూడదు. కొడుకు విషయంలోనే కాదు, అత్తవారింటికి పంపే కూతురి విషయంలోనూ, హాస్టలుకు పంపే బిడ్డ విషయంలోనూ తలిదండ్రులు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: వేరు పట్టిందా?

మా వసారా తీగ పిల్లలు ఇప్పుడు మా సంఘంలో పదకొండు ఇళ్ళలో ఉన్నాయి. మా అమ్మాయి ఇంట్లోనూ ఉంది. పెద్ద కోడలి కిటికీ నిండా అల్లుకున్న తీగకు మొన్న మా మనవడే ఈనె వంచి అంటు తొక్కాడట. "తాతయ్యా, ఎప్పుడు కోయాలి?" అని ఫోనులో అడిగాడు.

"మెల్లగా లాగి చూడు బాబూ. పట్టుకొని ఉంటేనే కోయి" అని చెప్పాము.

చదువుచున్న ప్రతి కుటుంబాన్నీ ప్రభువు తన ప్రేమయందు వేరు పారజేసి స్థిరపరచును గాక.