ఫర్లాంగు దూకిన వీరుడు

కిరండూల్ పాసింజరు అరకు దాటేసరికి ఎదుటి సీటు కుర్రాడు ఫోనులో సూపర్‌మ్యాన్ సినిమా పెట్టాడు. మేడలు పేకముక్కల్లా కూలుతున్నాయి.

"1938లో బొమ్మల పుస్తకంలో పుట్టినప్పుడు వీడికి ఎగరడమే రాదు బాబూ" అన్నాను ఉండబట్టలేక. ఒక్క గెంతుకు ఫర్లాంగు దూరం, అంతే. పరుగులో ఎక్స్‌ప్రెస్ రైలును మించేవాడు. మా పాసింజరుతో పందెమైతే నడిచినా సరిపోయేది. ఫిరంగి గుండు పేలితే మాత్రం ఒళ్ళు చీలేది.

"మరి హీరో ఎలా అయ్యాడు అంకుల్?"

మూడో సంచికకే గని కూలీ వేషం కట్టాడు. విందు చేసుకుంటున్న యజమాని, అతిథులతో సహా, సరదాగా గనిలోకి దిగితే దారి మూసేశాడు. ప్రమాదగంట మోగలేదు, పనిముట్లు తుప్పుపట్టాయి. కూలీ బతుకేమిటో దొరకి తెలిసొచ్చింది. మేం వెళ్తున్న ఈ లైను కూడా బైలాడిలా గనుల ఇనప రాయిని విశాఖ రేవుకు దించడానికి వేసిందే. ఇప్పటి సూపర్‌మ్యాన్ విశ్వాలకు విశ్వాలనే కాపాడాలి. ఒక్క గనిలోకి దిగే తీరిక వాడికేదీ? అలాగని పాతవాళ్ళంతా బంగారం కాదు. 1939 నాటి బ్యాట్‌మ్యాన్ తుపాకీ పట్టేవాడు, మనుషుల్ని చంపేవాడు. చంపనని ఒట్టు పెట్టుకున్న ఇప్పటివాడే నాకు నచ్చుతాడు, ఎంత ముఖం ముడుచుకుని తిరిగినా.

జగ్దల్‌పూర్‌లో దిగాక గుండాధుర్ గుర్తొచ్చాడు. బొమ్మల పుస్తకంలోవాడు కాడు, నేతానార్ ఊరి ధుర్వా మనిషి. అప్పటికి ఓరుగల్లు కాకతీయుల వంశమని చెప్పుకునే రాజు ఇక్కడి గద్దె మీదే ఉన్నాడు. అడవి మాత్రం సర్కారు రిజర్వుల్లోకి పోతోంది, వెట్టి తప్పడం లేదు. 1910లో మామిడి కొమ్మకు ఎర్ర మిరపకాయలు కట్టి ఊరి నుంచి ఊరికి పంపారు. దాన్ని డారా మిరీ అన్నారు. కొమ్మ అందిన ఊరు లేచింది. అదే భూమ్‌కాల్ తిరుగుబాటు. తుపాకీ గుళ్ళు నీళ్ళైపోతాయని కూడా చెప్పుకున్నారు. కాలేదు, చాలామంది ఆ గుళ్ళకే పోయారు. గుండాధుర్ మాత్రం తెల్లవాళ్ళకు చిక్కలేదు. ఎక్కడికి పోయాడో, ఎప్పుడు పోయాడో చెప్పినవాడు లేడు.

ఇప్పుడు అతనికి విగ్రహాలున్నాయి. జగ్దల్‌పూర్‌లోని వ్యవసాయ కళాశాలకు పేరూ పెట్టారు, ముందు 'షహీద్' (అమరవీరుడు) అని చేర్చి. అప్పట్లో అడవంతా గాలించి ఉత్త చేతులతో తిరిగొచ్చిన సిపాయిలు ఆ బోర్డు చదివితే ఎంత సంబరపడేవారో.