బిగిసిన మర

మర యను మాట మన యిండ్లకు క్రొత్తది కాదు. కారులు మన పల్లెలకు రాకమునుపే మరచెంబు మన వంటయిండ్లలో నుండెను. దూరప్రయాణమునకు బోవువారు దానిలో మంచినీరు నింపి, మూతను త్రిప్పి బిగించి, చుక్కయైన నొలుకకుండ దీసికొని పోయెడివారు. ఆ మూత యంచున చుట్టు తిరిగిన గాడి యెట్టిదో, మనము స్క్రూ యని పిలుచు మరమేకు నొడలిమీది గాడియు నట్టిదే. కావున కారులోని మరమేకును జూచి, యిది పురుషుల సొత్తని సోదరీమణులు దూరముగా నిలువ నక్కరలేదు.

మాది సూర్యాపేట జిల్లాలోని చిలుకూరు. హైదరాబాదు చెంత బాలాజీ దేవాలయముతో బ్రసిద్ధి కెక్కిన చిలుకూరు వేరు. మా యూరు కోదాడ దాపున నున్నది. నాగార్జునసాగరు ఎడమకాలువ నీటితో వరి పండు సీమ యిది. కోతల కాలమున ధాన్యపు ట్రాక్టర్లు ప్రొద్దుగూకిన పిదపకూడ మిల్లులకు బోవుచుండును. దుమ్ము, చీకటి, ఎదుటి బండ్ల వెలుగు కన్నులను మిరుమిట్లు గొల్పుచుండగా, ముందు పోవు బండి యున్నదని తెలుపునది దాని వెనుకనున్న యెఱ్ఱదీప మొక్కటే. అది వెలుగకున్న వెనుక వచ్చువారికి మనము కానరాము. బండిలో నున్నది మన బిడ్డలే కదా!

గత వర్షకాలమున మా కారు కుడివైపు వెనుకదీప మారిపోయెను. అందలి బల్బు 12 వోల్టులది. ఒకే గాజుబుడ్డిలో 5 వాట్ల తీగ యొకటియు, 21 వాట్ల తీగ యొకటియు నుండును. మొదటిది రాత్రి గుర్తునకు, రెండవది బ్రేకు త్రొక్కినపుడు వెలుగుటకు. దానిని మార్చుట క్షణములోని పని. కాని దీపపు గూటిని బట్టియున్న రెండు మరమేకులలో నొకటి యెంత త్రిప్పినను కదలలేదు.

అది బిగియుటకు గారణము బురద. మడికట్ల ప్రక్కనుండి వచ్చిన చక్రములు చిమ్మిన బురద సందులలో జేరి, దినముల తరబడి తడిని విడువదు. నీరును గాలియు గలిసి సోకిననే యినుము త్రుప్పుపట్టును. ఆ త్రుప్పు తాను బుట్టిన యినుముకంటె రెండింతలకు మించిన చోటు నాక్రమించును. వెండ్రుకవాసి సందులో నది యుబ్బినచో మరమేకు కరచుకొని పోవును.

మఱియొక చిక్కు తలయొద్ద నున్నది. కారులలోని మరమేకుల తలమీద బెక్కింటికి గూడిక గుర్తువంటి గాడి యుండును. అమెరికా దేశస్థుడగు హెన్రీ ఫిలిప్స్ 1936లో దీనికి పేటెంటు పొందెను. కాడిలాక్ కారుల తయారీలో నది తొలుత వాడుకకు వచ్చెను. యంత్రముతో వేగముగ బిగించుట కది మిక్కిలి యనుకూలము. కాని బిగిసినదానిని విప్పునపుడు స్క్రూడ్రైవరు జారి పైకి లేచును. జారిన ప్రతిసారియు గాడి యంచులు అరుగును. గాడి యరిగినచో పట్టే లేదు. కావున మొదట గాడిలోని మట్టిని సూదితో దీసివేసి, సరిగా నమరు కొలతగల స్క్రూడ్రైవరును నిలువుగ నుంచి, త్రిప్పు బలముకంటె నదుము బలమెక్కువగ నుపయోగింపవలెను.

బజారులోని మెకానిక్కు నొకని నడుగగా, తల కొట్టివేసిన సరిపోవుననెను. విరిగిన ముక్క లోపలనే నిలిచిన గూడంతయు మార్చవలసి వచ్చును. అరుగుమీద గూర్చుండి యంతయు జూచుచున్న మా అత్తగారు, “మరచెంబు మూత బిగిస్తే ఏం జేస్తం బిడ్డా? ముందు జర బిగించి, అటెన్క ఇప్పుతం గద!” యనిరి.

ఆ మాటలో శాస్త్రమున్నది. బిగించు దెసకు రవంత కదల్చినచో గరచుకొన్న త్రుప్పు పెంకు చిట్లును. పిదప విప్పు దెసకు రవంత, మరల బిగించు దెసకు రవంత. ఇట్లు ముందు వెనుకలుగ గదల్పవలెను. అంతకుముందు తలమీద చిన్న సుత్తితో మెల్లగ నాలుగైదు దెబ్బలు వేసిన సందు లేర్పడును. ఆ సందులలో నూనె దిగును. వంటనూనె దీనికి బనికిరాదు. అది చిక్కనిది, గాలికి జిగురై పోవును. కిరోసినులో గొంచెము మిషను నూనె కలిపి చుక్కలు వేయవచ్చును. అంగడిలో దొరకు డబ్ల్యూ డీ-40 వంటి పిచికారీ నూనెయు మంచిదే. 1953లో అమెరికాలో రాకెట్టుల పైరేకు త్రుప్పు పట్టకుండుటకై దానిని తయారు చేసిరి. ఏ నూనెయైనను వేసిన వెంటనే ఫలము నిచ్చునని తలపరాదు. ఒక రాత్రి విడిచిపెట్టవలెను.

మేము నట్లే చేసితిమి. మరునాటి యుదయమున నది కిర్రుమని కదలి, తల చెడకుండ వెలికి వచ్చెను.

నూనెకును లొంగనిచోట వేడి యక్కరకు వచ్చును. వేడిచేసిన రంధ్రము మూసికొనునని కొందఱు భయపడుదురు. బండిచక్రమునకు బట్టా వేయుట జూచినవారి కా సందేహ ముండదు. కమ్మరి యినుప పట్టాను కాల్చగా నది సాగి, వలయము పెద్దదై చక్రమునకు బట్టును; నీరు పోయగా గుంచించుకొని బిగియును. అట్లే మరమేకు చుట్టునున్న లోహము వేడెక్కిన దాని రంధ్రమును బెద్దదగును. అల్యూమినియము ఇనుముకంటె ఇంచుమించు రెండింతలు వ్యాకోచించును గనుక, దానిలో దిగిన యినుప మరమేకునకు వేడినీటి గుడ్డయే యొకప్పుడు చాలును. కాని కిరోసిను వేసినచోటను, పెట్రోలు గొట్టముల చెంతను, ప్లాస్టికు దీపముల దాపునను నిప్పు చూపరాదు.

తల యరిగిపోయినను నిరాశ పడనక్కరలేదు. వెడల్పు రబ్బరుపట్టీ ముక్కను గాడిపై బరచి దానిమీద స్క్రూడ్రైవరు నదిమి త్రిప్పిన గొన్నిమారులు పట్టు దొరకును. లేనిచో తలమీద రంపముతో నడ్డగాడి కోసి, చప్పిడి మొన స్క్రూడ్రైవరుతో విప్పవచ్చును. తిరిగి బిగించునపుడు దీపముల మరమేకులకు గొంచెము గ్రీజు పూసిన మరుసటి యేడు శ్రమ యుండదు. చక్రముల నట్లకు మాత్రము, కారుతో నిచ్చిన పుస్తకమున జెప్పనిదే, జిడ్డు పూయరాదు. బ్రేకులకు సంబంధించిన పనిని నేర్పరులకే విడువవలెను.

ఊరగాయలకు జాడీ లేర్పరచుకొన్నట్లే, ఇంటిలో నొక చిన్న పెట్టె యేర్పరచుకొనుడు: కొలత కొకటిగా రెండు మూడు స్క్రూడ్రైవర్లు, చిన్న సుత్తి, నూనెబుడ్డి, రెండు బల్బులు. వారమున కొకమా రొకరిని బ్రేకు త్రొక్కుమని, వెనుక నిలిచి దీపములు వెలుగుచున్నవో లేదో చూడుడు. ఇంటివారు చీకటిలో దారిబట్టుటకు ముందు చేయదగిన యీ పనికి నిమిషమైన బట్టదు.