బండిలో చలి రాత్రులు



మేము జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల పల్లెల్లో తిరుగుతూ ఉంటాము. 2016 అక్టోబరు 11న ఇవి వేర్వేరు జిల్లాలయ్యాయి గాని, అంతకుముందు చాలావరకు ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఊళ్లే. డిసెంబరు, జనవరి నెలల్లో కూటములు ముగిసేసరికి రాత్రి పది దాటుతుంది. ఆఖరి బస్సు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. మాకు అన్నం పెట్టిన ఇంట్లో ఒకటే గది ఉంటే, పిల్లలు గల ఆ కుటుంబాన్ని వాకిట్లోకి పంపి మేము లోపల పడుకోవడం న్యాయం కాదు. కాబట్టి మా పాత వ్యానే మాకు సత్రం. వెనుక సీట్లు విప్పి చాప పరిస్తే నలుగురికి చోటు దొరుకుతుంది. ఇలా చాలా చలికాలాలు గడిపాము. బండిలో గాని, ట్రాక్టరు ట్రాలీలో గాని, లారీ క్యాబిన్‌లో గాని రాత్రి గడిపేవారు మన కుటుంబాల్లో కూడా ఉన్నారు. అందుకే మేము నేర్చుకున్నది నాలుగు మాటల్లో రాస్తున్నాము.

మనది ఎండల ప్రాంతమని పేరు. వేసవిలో జనగామ బండరాళ్ల మీద కాలు పెట్టలేము. కాని సంక్రాంతి చలి చంకలెత్తనివ్వదని పెద్దల మాట. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి, పగలంతా నేల దాచుకున్న వేడి తేలికగా పైకి పోతుంది. మబ్బు ఉంటే అది నేలకు దుప్పటిలా పనిచేస్తుంది. చలికాలంలో మనకు ఆ దుప్పటి తరచుగా ఉండదు. జనగామ వైపు చెట్లు తక్కువ, గాలికి అడ్డు లేదు. గూడూరు, కొత్తగూడ వైపు అడవి పల్లెల్లో గాలి తక్కువే గాని తేమ, మంచు ఎక్కువ. మహాదేవపూర్ దాటి గోదావరి ఒడ్డుకు వెళితే తెల్లవారుజామున ఎదుట మనిషి కనబడనంత పొగమంచు కమ్మే రోజులున్నాయి. మైదాన ప్రాంతంలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు గాని అంతకంటే తక్కువ గాని ఉండి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పడిపోతే వాతావరణ శాఖవారు దానిని శీతల గాలులు అంటారు. మంచు కురిసే దేశాలవారికి 10 డిగ్రీలు లెక్కలోనిది కాదు. కాని పలుచటి దుప్పటి, రేకుల కప్పు మాత్రమే ఉన్నవానికి అదే గొప్ప చలి.

బండిలో పడుకుంటే ఇంటికంటే ఎక్కువ చలి ఎందుకు? మట్టి గోడ మందంగా ఉంటుంది. పగటి వేడిని రాత్రికి నెమ్మదిగా ఇస్తుంది. బండి గోడ పలుచటి ఇనుప రేకు. ఇనుము వేడిని పట్టి ఉంచదు, బయటకు పంపేస్తుంది. అద్దాలు కూడా అంతే. పైగా ఇంటి కింద నేల ఉంటుంది, బండి కింద చల్లగాలి ఆడుతుంది. అందుకే పైన ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా నడుము కింద నుంచి చలి ఎక్కుతుంది.

కాబట్టి మా మొదటి పాఠము ఇది: కప్పుకోవడం కంటే పరచుకోవడం ముఖ్యము. మన శరీరం బరువుకు కింది దుప్పటి నలిగిపోయి, దానిలో నిలిచే గాలి తగ్గిపోతుంది. వేడిని ఆపేది బట్ట కాదు, బట్టలో చిక్కుకున్న గాలి. అందుకని మేము ముందు అట్టపెట్టెలు విప్పి పరుస్తాము, వాటి మీద గోనె సంచులు, సంచుల మీద ఎండు వరిగడ్డి, దాని పైన బొంత. గడ్డి కంటే మంచి పరుపు పల్లెలో దొరకదు. కాకపోతే గడ్డి పొడిగా ఉండాలి, దాని దరిదాపుల్లో అగ్గిపుల్ల గీయకూడదు. మన గొల్ల, కురుమ సోదరులు గొర్రెల మందతో పొలాల్లో పడుకుంటూ గొంగడి ఎందుకు వదలరో మాకు ఇలాగే అర్థమయింది. దక్కను నల్ల గొర్రె ఉన్నితో నేసిన గొంగడి కొంత తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. మా వ్యానులో ఇప్పుడు రెండు గొంగళ్లున్నాయి.

రెండవది అద్దాలు. రాత్రికి అట్టముక్కలు గాని, థర్మోకోల్ పలకలు గాని అద్దాల కొలతకు కోసి లోపలివైపు బిగిస్తాము. తెల్లారి తీసి సీటు కింద పెట్టుకుంటాము. దీనికి పెద్దగా ఖర్చు లేదు.

మూడవది గాలి. చలి అని అన్ని సందులూ మూసేస్తే తెల్లవారేసరికి పైకప్పు నుండి ముఖం మీద చుక్కలు పడతాయి. నలుగురి ఊపిరిలోని ఆవిరే చల్లని రేకుకు తగిలి నీరవుతుంది. ఆ నీటికి బొంత తడిస్తే చలి రెట్టింపు. కాబట్టి ఎదురెదురు కిటికీలు రెండు వేలెడు సందు తెరిచే ఉంచుతాము. కొంచెం చల్లగాలి వచ్చినా పడక పొడిగా ఉంటుంది.

నాలుగవది చోటు. చెరువు కింద పల్లంలో బండి ఆపము, చల్లగాలి బరువెక్కి పల్లానికి దిగుతుంది. ఏదైనా గోడ చాటున, చెట్టు కొమ్మల కింద, తూర్పు ఎండ త్వరగా తగిలేలా ఆపుతాము.

ఇక ఒంటి సంగతి. నిద్రపోతున్న పెద్ద మనిషి శరీరం నుండి కూడా సుమారు 70, 80 వాట్ల వేడి వస్తుంది. అంటే ఒక పాతకాలపు బల్బు అంత. నలుగురున్న బండిలో నాలుగు బల్బులు వెలుగుతున్నట్టే. ఆ వేడిని నిలుపుకుంటే చాలు. పడుకునే ముందు చెమట పట్టిన బట్టలు మార్చుకోవాలి, కాళ్లకు మేజోళ్లు, తలకు మఫ్లరు ఉండాలి. వేడినీళ్లు పోసిన సీసాకు మూత గట్టిగా బిగించి, తువ్వాలు చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకుంటే చాలాసేపు హాయి. చలికి మందు పుచ్చుకుంటే వెచ్చగా ఉంటుందని కొందరు డ్రైవరు సోదరులు అంటారు. సారా చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది గనుక పైకి వెచ్చగా అనిపిస్తుంది. నిజానికి లోపలి వేడి ఆ దారినే బయటకు పోతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. ఒక జనవరిలో భూపాలపల్లి దగ్గర ఒక ఊరిలో కూటము ముగిసింది. ఆ రాత్రి చలి బాగా ఉంది. ఆ ఇంటి అమ్మ మా మీద ప్రేమతో కణకణలాడే బొగ్గుల కుంపటి తెచ్చి, “అయ్యగారూ, బండిల పెట్టుకోండ్రి, ఎచ్చగుంటది” అన్నది. పొగ కూడా లేదు. అప్పుడు సింగరేణిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన లేచి వచ్చి కుంపటిని పట్టుకున్నాడు. “వద్దు బిడ్డా. నేను ముప్పై ఏండ్లు బాయిల పనిజేసిన. కనబడే పొగతోని మనిషి దగ్గుకుంట బయటికి ఉరుకుతడు. కనబడని గ్యాసుతోని నిద్రల్నే పోతడు” అన్నాడు. ఆ అమ్మ ముఖం చిన్నబోయింది. మేము ఆమెకు కృతజ్ఞతలు చెప్పి, కుంపటి బయట అరుగు మీద పెట్టించి, అందరమూ చుట్టూ కూర్చుని చేతులు కాచుకున్నాము. తర్వాత బండిలోకి వెళ్లి గొంగళ్లు కప్పుకున్నాము.

ఆ పెద్దాయన చెప్పింది కార్బన్ మోనాక్సైడ్ గురించి. బొగ్గు గాని, కట్టె గాని, గ్యాసు గాని సరిపడా గాలి లేకుండా కాలితే ఈ విషవాయువు పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థాన్ని ఇది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు ఊపిరి ఆడుతూనే ఉంటుంది గాని శరీరానికి ప్రాణవాయువు అందదు. పూర్వం విదేశీ గనుల్లో పంజరాల్లో చిన్న పిట్టలను లోపలికి తీసుకుపోయేవారు; పిట్ట వాలిపోతే మనుషులు వెనుదిరిగేవారు. అమెరికాలో ఇల్లులాంటి పెద్ద బండ్లలో కుటుంబాలతో తిరిగేవారున్నారు. అక్కడ చలి సున్నాకు చాలా దిగువకు పోతుంది గనుక ప్రొపేన్ గ్యాసు హీటర్లు వాడతారు. వాటి పొగ గొట్టంతో బయటకే పోతుంది, అయినా లోపల ఈ వాయువును పసిగట్టి కూత పెట్టే యంత్రం ఉంచుకుంటారు. మన దగ్గర ఆ గొట్టమూ లేదు, ఆ యంత్రమూ లేదు. కాబట్టి మూసిన బండిలో నిప్పు పెట్టకూడదు. ఇంజను ఆన్ చేసి నిద్రపోవడం కూడా అంతే ప్రమాదం. కిటికీ కొంచెం తెరిచాము గదా అని ధైర్యం చేయకూడదు.

ఇది బండికే కాదు, ఇంటికి కూడా వర్తిస్తుంది. మన పల్లెల్లో బాలింతకు, పసిబిడ్డకు వెచ్చదనం కోసం తలుపులు బిగించి మంచం దగ్గర కుంపటి పెట్టే అలవాటు ఇంకా అక్కడక్కడ ఉంది. తల్లులారా, అత్తలారా, దయచేసి ఈ మాట వినండి. పసిబిడ్డకు కుంపటి కంటే తల్లి ఒడి మేలు. బిడ్డ తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు వేసి, తల్లి ఛాతీకి చర్మం తగిలేలా ఆనించి పైన దుప్పటి కప్పితే ఆమె ఒంటి వేడి బిడ్డకు అందుతుంది. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు డాక్టర్లు కూడా ఈ పద్ధతినే చెబుతున్నారు.

గదిలో ఉన్నవారందరికీ ఒకేసారి తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేలా ఉండడం జరిగితే అది జలుబు అనుకోవద్దు. వెంటనే తలుపులు తెరిచి అందరినీ బయటి గాలిలోకి తీసుకురావాలి. మగతగా ఉన్నవారిని నిద్రపోతున్నారని వదలవద్దు. 108కి ఫోను చేసి, కుంపటి సంగతి తప్పక చెప్పాలి. ఆసుపత్రిలో ఇచ్చే ఆక్సిజన్ దీనికి మొదటి మందు.

చివరిగా ఒక మనవి. మహబూబాబాద్ వైపు మిరప కోతల కాలంలో పొరుగు ప్రాంతాల నుండి కూలీలు పిల్లలతో వస్తారు. ట్రాలీ కింద, టార్పాలిన్ కింద పడుకుంటారు. పరదా దించేసి లోపల నిప్పు రాజేసుకునేది వారే. వారికి ఎవరు చెబుతారు? పేదవాని పైబట్టను తాకట్టు పెట్టుకుంటే సూర్యుడు అస్తమించకముందే తిరిగి ఇవ్వాలని నిర్గమకాండములో ఒక ఆజ్ఞ ఉంది. రాత్రి అతడు దేనిలో పడుకుంటాడన్న చింత దాని వెనుక ఉంది. మన ఊరి పొలిమేరలో గుడిసెలు వేసుకున్నవారి దగ్గరకు ఈ చలికాలంలో ఒక సాయంత్రం వెళ్దాము. ఒక గడ్డిమోపు, రెండు గోనె సంచులు, ఒక దుప్పటి తీసుకువెళ్దాము. నిప్పు బయట పెట్టుకొమ్మని, పడక పొడిగా ఉంచుకొమ్మని చెప్పి వద్దాము.