మా మోటారుకారు ముందు అద్దము

తన చేతితో చేసికొనిన పనియందు గల రుచి, పరులచేత చేయించుకొనిన పనియందు లేదని పెద్దలు చెప్పుదురు. ఆ రుచిలో కొంత చేదు సైతము కలదని మేము 2022వ సంవత్సరము దసరా సెలవులలో తెలిసికొంటిమి. విద్యార్థుల కుపయోగపడునను తలంపుతో ఆ వృత్తాంతము నిచ్చట వ్రాయుచున్నాము.

మాయొద్ద నొక పాత అంబాసిడరు కారు కలదు. కలకత్తా చేరువనున్న ఉత్తరపారాలో 2014వ సంవత్సరము వరకు తయారైన యీ బండి ముందు అద్దము జిగురుతో నంటింపబడినది కాదు. చుట్టును రబ్బరు బీడింగుతో బిగింపబడినది. ఒకనాడు కంకర లారీ వెనుక పోవుచుండగా రాయి యెగిరి తగిలెను. తటాలున అద్దమంతయు మంచు పట్టినట్లు తెల్లబడి, బండి నాపులోపలనే ముక్కలై మా యొడిలో రాలెను. బాగుగా వేడిచేసి, వేగముగా చల్లార్చి బలపరచిన అద్దమగుటచే అవి పదునులేని చిన్న ముక్కలయ్యెను. మాకు గాయము కాలేదు.

క్రొత్తగా కొనిన అద్దము వేఱు జాతిది. అందు రెండు పలకల నడుమ ప్లాస్టిక్కు పొర యుండును. పగిలినను ముక్కలు పొరను విడువవు. ఎదువార్ బెనెడిక్టస్ అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు 1903లో క్రిందపడిన గాజు కుప్పె పగిలియు చెదరకుండుట చూచి, లోపల నంటియున్న సెల్యులోజు నైట్రేటు పొరయే కారణమని గ్రహించి, 1909లో ఇట్టి అద్దమునకు పేటెంటు పొందెను. ఈ కథను తరగతిలో నెన్నిసార్లు చెప్పితిమో! కాని చెప్పుట వేఱు, చేయుట వేఱు.

సహాయమునకు తొమ్మిదవ తరగతి బాలు నొకనిని పిలిచితిమి. అతని తండ్రి కార్ల షెడ్డులో పనివాడు. బాలునికి త్రైమాసిక పరీక్షలో, మేము బోధించు భౌతిక శాస్త్రమున, నూటికి 11 మార్కులు వచ్చెను. అతని ప్రగతి పత్రముపై "శ్రద్ధ లేదు" అని మేమే వ్రాసియుంటిమి.

వైపరులను తీసి, గాలి వచ్చు రంధ్రములలో గాజు పడకుండ గుడ్డ కప్పి, ముక్కలను ఏరివేసి, ఎండి బిఱుసెక్కిన పాత రబ్బరును ఊడదీసితిమి. బాలుడు రేకు అంచు పొడవునను వ్రేలు పోనిచ్చుచు, ఎడమవైపు క్రింది మూలయందు ఆగెను.

"మాష్టారూ, ఇక్కడ తుప్పు గడ్డకట్టి యున్నదండి. గీకి నున్నగా చేయవలెనండి. లేకున్న అద్దము పగులునండి."

"మబ్బు పట్టినది, అబ్బాయీ. మెత్తని రబ్బరు అడ్డముండగా ఆ చిన్న గడ్డ యేమి చేయును?" అంటిమి.

క్రొత్త రబ్బరును అద్దము చుట్టును తొడిగి, దాని వెలుపలి గాడిలో సన్నని గట్టి త్రాటిని చుట్టి, రెండు కొనలను క్రింది భాగమున నడుమకు తెచ్చి, సబ్బునీరు పూసితిమి. బండి వెలుపలనుండి అద్దము నానించిన పిమ్మట, లోపలినుండి త్రాటిని లాగుచుండగా రబ్బరు పెదవి రేకు అంచుమీదికి ఎక్కును. పనిలోని నేర్పంతయు నిదియే. మూడు వైపులు చక్కగా కూర్చున్నవి. ఎడమ మూల మాత్రము కూర్చుండలేదు. మేము అరచేతితో గట్టిగా నొక్కితిమి. "టిక్కు" మని సన్నని చప్పుడు వినవచ్చెను. మూలనుండి నడుమ వరకు ఏటి పాయవలె నొక బీట సాగెను.

బాలుడు "నేను చెప్పలేదా" అని యనలేదు. తల వంచుకొని త్రాటిని చుట్టసాగెను. ఆ మౌనము మాకు మిగుల బరువయ్యెను.

ఒకే బలము తక్కువ వైశాల్యముపై పడినప్పుడు ఒత్తిడి హెచ్చునని ప్రతి సంవత్సరము బోధించువారము మేమే. మా బలమంతయు ఆ తుప్పు మొనపై పడెను. 11 మార్కుల బాలునికి వ్రేలికొనతో తెలిసినది మాకు పుస్తకముతో తెలియలేదు. తెలిసినదానినుండి తెలియనిదానికి శిష్యుని నడిపింపుమని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నేర్చియుంటిమి. అతనికేమి తెలియునో మేమెన్నడును అడుగనే లేదు!

పండుగ బట్టలకై దాచిన సొమ్ముతో మఱియొక అద్దము కొంటిమి. ఈ పర్యాయము బాలుడే మేస్త్రి, మేము కూలి. అతడు చెప్పినట్లు తుప్పును గీకి, గరుకు కాగితముతో నునుపుచేసి, రెడాక్సైడు రంగు పూసి, ఒకదినము ఆరనిచ్చితిమి. అతడు లోపల కూర్చుండి తొందర లేక త్రాటిని లాగెను. ఎదురుగా వెలుపల మేము అరచేతితో తట్టుచుంటిమి. ముగిసినంతనే నాలుగు బిందెల నీరు పోసితిమి. లోపల చుక్కయైన పడలేదు.

అటుపిమ్మట అతని మార్కులు ఒక్కసారిగా పెరిగెనని చెప్పజాలము. అయినను తరువాతి ప్రగతి పత్రముపై "పరిశీలనాశక్తి మిక్కిలి కలదు" అని వ్రాసి, సంతోషముతో సంతకము చేసితిమి.

విద్యార్థులారా, ఒక హెచ్చరిక. నేటి కార్లలో ముందు అద్దము యురెథేను జిగురుతో నంటింపబడును. అది పైకప్పు బలమునకును, ప్రమాద సమయమున ఉబ్బు గాలిసంచికిని ఆధారమగును. జిగురు చక్కగా గట్టిపడువరకు బండిని నడుపరాదు. అట్టి పనిని నేర్పరులకే విడువవలయును. ఇక నేర్పరి యెవడో మార్కుల పట్టికను చూచి నిర్ణయింపకుడు. ఆ పొరపాటు మేము చేసితిమి. దాని వెల ఒక అద్దము మాత్రమే యగుట మా యదృష్టము.