వీధి అరుగు మీద బోర్డు

మా మేనత్తగారి ఊరు కోనసీమలో దిండికి దగ్గర, వశిష్ఠ గోదావరి గట్టు కింద. పోయిన సంక్రాంతికి వెడితే వీధి అరుగు మీద కొత్త బోర్డు కనిపించింది: "గదులు అద్దెకు ఇవ్వబడును. భోజన సదుపాయం కలదు."

మనసు చివుక్కుమంది. వేళకు గుమ్మం ఎక్కినవాడికల్లా అన్నం పెట్టిన ఇల్లు అది. ఆ ఇంట్లో విస్తరికి వెల కట్టడమా!

మా బావ నవ్వేశాడు. "గోదావరి చూడ్డానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. దిండిలో హౌస్‌బోట్లు ఎక్కుతున్నారు. కొందరికి మండువా లోగిల్లో పడుకోవాలనీ, అప్పుడే దింపిన బొండం తాగాలనీ సరదా. మనకి గదులు ఖాళీగా ఉన్నాయి. తప్పేముంది?"

తప్పు లేదు గాని, నాకు మింగుడు పడలేదు.

మధ్యాహ్నం హైదరాబాదు నుంచి ఒక కుటుంబం దిగింది. పిల్లలు దాళ్వా నారుమడి చూసి, "ఇంత గడ్డి ఎందుకు పెంచారు?" అన్నారు. బావ గట్టు మీద కూర్చుని, గింజ అన్నమయ్యే కథంతా ఓపిగ్గా చెప్పాడు. అత్తయ్య కొసరి కొసరి వడ్డించింది. మర్నాడు వెళ్ళేటప్పుడు ఆ గృహస్థు పర్సు తీయగానే, ఆవిడ చరచరా లోపలికి వెళ్ళిపోయింది.

"గదికి తీసుకోరా, అన్నానికి మాత్రం వద్దు" అని రోజూ పోరుతుందట. బావ రెండూ కలిపి 'గది అద్దె' అని చీటీ రాస్తాడట!

ఆ రాత్రి బావ లెక్కలు విప్పాడు. 1996 నవంబరు తుఫానుకి తోటలో సగం చెట్లు నేలకూలాయి. తిరిగి నాటిన మొక్కలు కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పట్టింది. వరి గిట్టుబాటు కాక 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటిస్తే, బావ కూడా నాట్లు వెయ్యలేదు.

"పేపర్లో పడింది. నువ్వూ చూసే ఉంటావు" అన్నాడు.

చూశాను. ఫోనైనా చెయ్యలేదు. ఆ మరుసటి సంక్రాంతికి మాత్రం యథాప్రకారం వచ్చి, కొబ్బరికాయల సంచీ, అరిసెల డబ్బా పట్టుకుపోయాను. ఆ అన్నానికి వెల కట్టకూడదన్న పెద్దమనిషిని, అది ఎలా పండుతోందో ఒక్కనాడూ కనుక్కోలేదు. అటువంటి నాకు బోర్డు చూసి నొచ్చుకునే హక్కెక్కడిది?

బయలుదేరే రోజున అత్తయ్య మళ్ళీ సంచీ కట్టించింది. డబ్బిస్తే ఆవిడ బాధపడుతుంది. ఊరికే పట్టుకుపోవడానికి ఈసారి నాకు చేతులు రాలేదు.

"ఈ యేడు కాయ ధర ఎలా ఉంది, బావా?" అన్నాను.

బావ ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. తరవాత ఆ బోర్డు పక్కనే అరుగు మీద చతికిలబడి, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.

నా బస్సు వెళ్ళిపోయింది. నేను లేవలేదు.